నాయినమ్మ గట్క, ఆ అబ్బాయి ఉగాలి, మా అసోసియేషన్ వారి ముక్కు

ముందే చెప్తున్నా, ఇది కాస్త పొడుగు టపా. అందులోనూ కోపంగా ఉన్నప్పుడు రాసింది. వంటతో మొదలై ఎక్కడెక్కడికో వెళ్తుంది. అంత ఓపిక లేనివాళ్ళు వంట భాగం వరకూ చదువుకుని వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను.

పోయిన నెల ఓ ఆదివారం మా అపార్ట్‌మెంటు అసోసియేషన్ మీటింగు జరిగింది. మాది సికింద్రాబాదులో తార్నాకకీ లాలాపేటకీ మధ్య ఓ పాత బిల్డింగు. నాలుగంతస్తులు, పదహారు ఫ్లాట్లు, నెలకి ఇరవై రోజులు మాత్రమే పనిచేసే లిఫ్టు ఒకటి. ఫ్లాటు నాన్న పేరు మీద ఉంది. ఆయనా అమ్మా జగిత్యాలలో ఉంటారు కాబట్టి మీటింగుకి వెళ్ళే భాగ్యం నాది. ఎప్పట్లాగే వాటర్ టాంకరు డబ్బుల మీద గంటన్నర కొట్టుకున్నాం. లిఫ్టు మీద ఇంకో అరగంట. అందరం లేవబోతుంటే సెక్రటరీ గారు "ఇంకొక్క విషయం" అన్నారు.

ఆ ఇంకొక్క విషయం రెండో అంతస్తులో అద్దెకుండే అబ్బాయి. టాంజానియా నుంచి వచ్చి ఇక్కడ పీజీ చదువుతున్నాడు. ఆ ఫ్లాటు ఓనరు అమెరికాలో ఉంటాడు, అద్దె బ్యాంకులో పడితే చాలు ఆయనకి. కంప్లెయింటు ఏమిటయ్యా అంటే, వంట వాసన. "భరించలేకపోతున్నామండీ" అన్నారొకరు. "ఏం వండుకుంటాడో ఏమో, ఆ ముద్దలు ఆయనా" అన్నారింకొకరు. "మన కల్చర్ వేరు కదండీ" అని మూడో ఆయన ముక్తాయించారు. పదకొండు నెలల అగ్రిమెంటు అయిపోగానే రెన్యూ చెయ్యొద్దని ఓనరుకి అసోసియేషన్ తరఫున మెయిలు పెట్టాలని తీర్మానించారు. కారణం దగ్గర "వంట వాసన" అనే రాశారు. రిజిస్టరు చేతులు మారుతూ వచ్చింది. నేనూ సంతకం పెట్టాను.

అవును, పెట్టాను. ఆకలేస్తోంది, మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయింది, అందరూ పెట్టారు. ఇంతకంటే మంచి కారణం ఏదైనా దొరికితే చెబుదామని నెల రోజుల్నుంచీ వెతుకుతున్నాను, దొరకలేదు.

ఇంటికొచ్చి అన్నం తింటూ నాయినమ్మకి చెప్పాను. (మోకాళ్ళ నొప్పులకి చూపించుకుందామని వచ్చి రెండేళ్ళయింది, ఇక్కడే ఉండిపోయింది.) ఆవిడ ముద్ద ఆపి నావైపు చూసింది.

"ఎవరు, గా పొడుగు పిలగాడా? ఆడు గట్క వండుకుంటడు గదరా. గట్కకు వాసనేందిరా?"

అదీ సంగతి. మా అసోసియేషన్ వారికి కంపు కొట్టిన విదేశీ వంటకం మా నాయినమ్మకి ఒక్క చూపులో అర్థమైపోయింది. ఆవిడకి అదెలా తెలుసంటే, లిఫ్టు పాడైన ఓ రోజు మెట్లెక్కుతూ ఆయాసమొచ్చి రెండో అంతస్తులో ఆగిందట. వాళ్ళ తలుపు తీసి ఉంది. ఆ అబ్బాయి పొయ్యి దగ్గర నిలబడి అప్పడాల కర్రతో గిన్నెలో ఏదో బలంగా కలుపుతున్నాడట. గిన్నె తిరిగిపోతోంది, చెయ్యి కాలుతోంది. మా నాయినమ్మకి ఇంగ్లీషు రాదు, అతనికి తెలుగు రాదు, హిందీ ఇద్దరికీ అంతంతమాత్రం. ఈవిడ సరాసరి లోపలికెళ్ళి, చీర కొంగుతో గిన్నె అంచు పట్టుకుని, అప్పడాల కర్ర లాక్కుని ఎలా తిప్పాలో చూపించిందట. మర్నాడు మా ఇంట్లో ఉన్న రెండు చెక్క తెడ్లలో ఒకటి మాయమైంది. నేను పనిమనిషిని అనుమానించాను (పాపం). అది రెండో అంతస్తుకి చేరిందన్నమాట. ఆ అబ్బాయి ఈవిడని "బీబీ" అంటాడు. స్వాహిలీలో బామ్మని అలాగే పిలుస్తారట. మా నాయినమ్మేమో అది హైదరాబాదు బీబీ అనుకుని మహా ఆనందపడిపోతుంటుంది.

ఇకపోతే వంట. మర్నాటి ఆదివారం ఈ ఉగాలి సంగతేంటో చూద్దామని నేనే దిగాను. ఇంజనీరింగు చదివినవాళ్ళం, పిండీ నీళ్ళూ కలపలేమా?

కలపలేం. వీధి చివర కొట్టుకెళ్ళి "కార్న్ ఫ్లోర్" అని అడిగి పాకెట్టు తెచ్చాను. తెల్లగా, ముట్టుకుంటే టాల్కం పౌడరులా ఉంది. ఆఫ్రికాలో వాడేది తెల్ల మొక్కజొన్న పిండే కదా, సరిపోయిందనుకున్నాను. నీళ్ళు మరిగాక పోసి కలిపితే రెండు నిమిషాల్లో గిన్నెలో సినిమా పోస్టర్లు అంటించే జిగురు తయారైంది. తర్వాత తెలిసిందేమిటంటే, మన కొట్లలో కార్న్ ఫ్లోర్ అని అమ్మేది పిండి కాదు, మొక్కజొన్న నుంచి తీసిన గంజిపొడి. గోబీ మంచూరియాలో చిక్కదనానికి వేసేది అదే. పేరు ఒకటి, సరుకు ఇంకొకటి. ఇలాంటి వేరియబుల్ పేర్లు పెట్టేవాణ్ణి మా ఆఫీసులో కోడ్ రివ్యూలోనే చీల్చి చెండాడతారు. నేను ఏడుస్తూ ఈ సంగతి చెప్తే రెండో అంతస్తు అబ్బాయి పడీపడీ నవ్వాడు. ఇండియా వచ్చిన మొదటి వారంలో అతనూ ఇదే పాకెట్టు కొన్నాట్ట, కాకపోతే రెండు కిలోలు.

కావలసింది మక్కీ కా ఆటా. మోండా మార్కెట్లో దొరుకుతుంది. ఉత్తరాదివాళ్ళు సర్సోంకా సాగ్ తో తినే రొట్టెల కోసం ఆడించేది. పచ్చగా ఉంటుంది, వాళ్ళ తెల్లపిండికి సరిగ్గా సాటి రాదుగానీ పని జరుగుతుంది. రెండు గ్లాసుల నీళ్ళు మరిగించాలి. ఉప్పు వెయ్యక్కర్లేదు, ఉగాలిలో మామూలుగా వెయ్యరు. ఉప్పూ కారం పక్కన తినే కూరవి. ముందుగా రెండు చెంచాల పిండి చల్లనీళ్ళలో జారుగా కలిపి ఆ మరిగే నీళ్ళలో పోస్తే పల్చటి అంబలి అవుతుంది. నేరుగా పొడిపిండి పోస్తే ఉండలు కడుతుంది (నాకు కట్టింది). అంబలి కుతకుతలాడుతుంటే మంట తగ్గించి పిండి కొద్దికొద్దిగా పోస్తూ తెడ్డుతో తిప్పాలి. అక్కడిదాకా ఎవరైనా చేస్తారు. గ్లాసు పిండి పడేసరికి అసలు కథ మొదలవుతుంది. తెడ్డు కదలదు. అప్పుడు తిప్పడం మానేసి, ముద్దని గిన్నె అంచుకేసి నొక్కి, మడిచి, మళ్ళీ నొక్కాలి. ఐదారు నిమిషాలు. భుజం లాగుతుంది. ముద్ద గిన్నెని వదిలేసి ఒక్కటిగా తిరగడం మొదలెట్టి, కాల్చిన కంకి వాసన లేస్తే అయిపోయినట్టు. పళ్ళెంలో బోర్లిస్తే గుండ్రంగా, తెల్లారిన చంద్రుడిలా (సరే, పచ్చకామెర్లొచ్చిన చంద్రుడిలా) కూర్చుంటుంది.

తినడం మనకెవరూ నేర్పక్కర్లేదు. కుడిచేత్తో చిన్న ముద్ద తుంచుకుని, వేళ్ళ మధ్య దొర్లించి, బొటనవేలితో గుంట చేసి, ఆ గుంటలో కూర పట్టి నోట్లో పెట్టుకోవడమే. రాయలసీమ మిత్రులారా, మీ సంగటి ముద్దలో పులుసు పోసుకునే గుంట గుర్తొచ్చిందా? అతను పక్కన వండిన కూర పేరు మ్‌చిచా. ఏదో వింత ఆకు అనుకున్నాను, మూత తీసి చూస్తే తోటకూర! ఉల్లిపాయలు, టమాటాలు వేసి వేయించిన తోటకూర. మా అసోసియేషన్ భరించలేకపోయిన కల్చరు అదీ.

నాయినమ్మ రుచి చూసి పెదవి విరిచింది. "మంచిగనే ఉంది గని, నూకలు లేవు. నూకలు లేకుండ గట్కేందిరా, పిల్లలకు పెట్టే ముద్ద లెక్కుంది." ఆవిడ పద్ధతిలో ఎండిన మక్కలు ఇసుర్రాయిలో విసిరి, జల్లెడపట్టి, నూకలూ పిండీ వేరు చెయ్యాలి. ఎసరు మసిలాక నూకలు పోసి, అవి సగం ఉడికాక పిండి చల్లుకుంటూ తిప్పాలి. వేడిగా ఉన్నప్పుడు పచ్చిపులుసుతోనో పుంటికూరతోనో తినాలి. మిగిలింది పొద్దున సల్లలో పిసికి, ఉల్లిగడ్డా పచ్చిమిరపకాయా కొరుక్కుంటూ తాగాలి. ఆ కొరకడం గురించి చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూడాలి మీరు.

మరి ఇంత ఇష్టమైనది ఈ రెండేళ్ళలో మా ఇంట్లో ఎందుకు ఒక్కసారీ వండలేదు అని అడిగాను. "ఎవరన్న వస్తే ఏమనుకుంటరు బిడ్డా" అంది.

అక్కడ నాకు మండింది. ఆవిడ మీద కాదు, నా మీద. నేను ఆరో క్లాసులో ఉండగా ఒకసారి డబ్బాలో గట్క పెట్టి పంపింది. లంచ్ బెల్లులో మూత తియ్యగానే పక్కవాడు "ఒరేయ్, కోళ్ళదాణా తెచ్చాడ్రా" అన్నాడు. ఆ సంవత్సరమంతా నా పేరు కోడి. ఇంటికెళ్ళి డబ్బా విసిరికొట్టి ఇంకెప్పుడూ ఇది పెట్టొద్దని గొడవ చేశాను. ఆవిడ మళ్ళీ ఎప్పుడూ పెట్టలేదు. అంటే ఇంట్లో గట్క మానిపించిన మహానుభావుణ్ణి నేనే. మొన్న రిజిస్టర్లో సంతకం పెట్టిన చెయ్యీ అదే.

కాబట్టి వాసన గురించి మాట్లాడుకుందాం. పిండీ నీళ్ళూ కలిపి ఉడికిస్తే ఇల్లు దాటే వాసన రాదు. అతను అప్పుడప్పుడూ ఎండు చేపలు వండుతాడు, దగా అంటారట, మన మెత్తళ్ళలాంటి చిన్న చేపలు. దానికి వాసనుంటుంది, ఒప్పుకుంటాను. కానీ మా మూడో అంతస్తులో వారానికోసారి ఎండు రొయ్యలు వేగుతాయి, ఆ ఘాటుకి నాలుగో అంతస్తు దాకా తుమ్ముతారు. దాని మీద తీర్మానం ఏదీ? పైగా ఆ ఫ్లాటాయనే ఈ తీర్మానాన్ని బలపరిచింది! కనుక ముక్కు చెప్పేది ముక్కు మాట కాదు. కళ్ళు ముందు చూసి ముక్కుకి చెప్తే, ముక్కు దాన్ని చదువుతోంది. మనిషి ఎవరో తెలిశాక వాసన వస్తోంది.

ఈ "వాసన" మనకేం కొత్తది కాదు. ఈ ఊళ్ళో ఇల్లు వెతుక్కున్న ప్రతివాడికీ టులెట్ బోర్డు కింద "ఓన్లీ వెజిటేరియన్స్" అన్న చిన్నక్షరాలు తెలుసు. ఓనరుగారు కాఫీ ఇచ్చి, ఊరి పేరు అడిగి, ఇంటిపేరు అడిగి, అయినా తేలక చివరికి "ఇంతకీ మీరేవిట్లు?" అని అడగడం తెలుసు. నా స్నేహితుడొకడు అడ్వాన్సు ఇచ్చాక కూడా ఇల్లు పోగొట్టుకున్నాడు. చెప్పిన కారణం నాన్‌వెజ్ వాసన. వాడింకా ఆ ఇంట్లో పొయ్యి కూడా వెలిగించలేదు. మన దగ్గర ఆ మాటకి అంత శక్తి ఉంది, ఇంకా వండని వంటకి కూడా వాసన వస్తుంది.

"మన సంప్రదాయం కాదు" అన్న పెద్దమనిషికి ఇంకో విషయం. మొక్కజొన్న ఆఫ్రికాదీ కాదు, మనదీ కాదు. పుట్టిల్లు మెక్సికో. సుమారు తొమ్మిది వేల ఏళ్ళ కిందట అక్కడివాళ్ళు ఓ గడ్డిమొక్కని పెంచి పెంచి మొక్కజొన్న చేశారు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో ఆఫ్రికా తీరాలకి చేరింది. అంటే ఉగాలి, సడ్జా, షిమా, పాప్ అని పేరుకో దేశంగా ఇవాళ కోట్లమంది తినే ఆ "అనాది" వంటకం నిజానికి కొన్ని వందల ఏళ్ళదే. జాంబియా, మలావీల్లో ఇవాళ మనిషికందే కాలరీల్లో దాదాపు సగం దీన్నుంచే వస్తాయి. అంతకు ముందు వాళ్ళూ మనలాగే జొన్నలూ రాగులూ తినేవాళ్ళు. రాగి పుట్టింది తూర్పు ఆఫ్రికాలో, అక్కణ్ణుంచే మన దగ్గరికొచ్చింది. కాబట్టి సంగటి ముద్ద పట్టుకుని "మన తాతలనాటి ఆహారం" అని పద్యాలు చదివేవాళ్ళు ఒక దండం అటు పడమరకి కూడా పెట్టాలి. అన్నట్టు మిరపకాయ కూడా అమెరికా ఖండం సరుకే. సంప్రదాయం పేరుతో వచ్చినవన్నీ వెళ్ళగొట్టడం మొదలెడితే ఆవకాయ ఎర్రగా ఉండదు.

పోనీ తెలుగువాళ్ళెవరూ ఆఫ్రికా వెళ్ళి ఆ పిండి తినలేదా? 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది, నటాల్ చెరుకు తోటల్లో పనికి ఒప్పందం మీద కూలీలని తీసుకుని. ఆ తర్వాత యాభై ఏళ్ళపాటు అలాంటి ఓడలు వెళ్తూనే ఉన్నాయి. వాటిల్లో తమిళులతో పాటు మన ఉత్తరకోస్తా వాళ్ళూ చాలామంది ఉన్నారు. అన్నం తినే అలవాటుతో వెళ్ళినవాళ్ళకి అక్కడ చౌకగా దొరికింది మొక్కజొన్న. దాన్ని నూకలుగా విరిచి అన్నంలా వండుకున్నారు. అక్కడి ఇంగ్లీషులో దాన్ని మీలీ రైస్ అంటారు. మక్క నూకలే! వాళ్ళ పిల్లల పిల్లలు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ కూడా పెట్టుకున్నారు. వాళ్ళ వంట వాసన గురించి అక్కడి తెల్ల ఇరుగుపొరుగు ఏమనుకుని ఉంటారో మా సెక్రటరీ గారు ఒక్క నిమిషం ఊహించుకుంటే బావుంటుంది.

ఇప్పుడు అటుపక్క వాళ్ళ వంతు. ఈ కథంతా ఆఫీసులో చెప్తే ఒకాయన కళ్ళు మెరిపించి "అవునండీ, పాతకాలం తిండే తిండి, గట్క తిన్నవాళ్ళకి రోగాలే లేవు" అన్నాడు. ఈయన కిందటి నెలే హైటెక్ సిటీలో ఓ రెస్టారెంట్లో పోలెంటా తిని ఫోటో పెట్టాడు. పోలెంటా అంటే ఏమీ లేదు, ఇటలీవాళ్ళ మక్క గట్క. పైన కాస్త చీజు రాల్చి ఐదొందల పైన తీసుకుంటారు. దానికి వాసన రాదు, పరిమళం వస్తుంది.

రోగాలే లేవన్నది పచ్చి అబద్ధం. మా ఇంటినుంచి నడిచి వెళ్ళేంత దూరంలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకి వచ్చింది. అక్కడ డాక్టర్ సి. గోపాలన్, శ్రీకంఠయ్య గార్లు పెల్లాగ్రా మీద పనిచేశారు. అది నయాసిన్ అనే విటమిను చాలక వచ్చే జబ్బు. ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పొలుసులూడుతుంది, విరేచనాలు, ముదిరితే మతి చలిస్తుంది. ప్రపంచమంతా దీన్ని మొక్కజొన్న తినేవాళ్ళ జబ్బుగా చూస్తుంటే, మన దక్కనులో జొన్న తినే పేదల్లో అది కనబడింది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ దీనికి కారణం కావచ్చని వాళ్ళు 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. లూసిన్ వాదన మీద తర్వాత చర్చలు చాలా జరిగాయి, జబ్బు మాత్రం నిజం. మెక్సికోవాళ్ళు మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడికించి కడిగి వాడతారు, అలా చేస్తే అందులో బిగుసుకుపోయి ఉన్న నయాసిన్ ఒంటికి అందుతుంది. గింజ సముద్రాలు దాటింది గానీ ఆ సున్నం కిటుకు దాంతో రాలేదు. అందుకే ఇటలీ పోలెంటా పల్లెల్లోనూ, అమెరికా దక్షిణాది పేదల్లోనూ జనం పెల్లాగ్రాతో పోయారు. తప్పు గింజది కాదు. పూటపూటకీ ఆ ఒక్క గింజ తప్ప పప్పూ పాలూ ఆకుకూరా అందని బతుకుది. తోటకూరతో, ఎండు చేపలతో ఉగాలి తినే మా రెండో అంతస్తు అబ్బాయి భోజనం, పోషకాల లెక్కన, నేను మధ్యాహ్నం కాంటీన్లో తినే వేయించిన అన్నం కంటే మెరుగు.

మా నాయినమ్మకి ఈ రొమాన్సు అస్సలు లేదు. "పండుగకో పెండ్లికో బియ్యపు బువ్వ. మిగతా దినాలు గట్కే. ఇష్టమై తిన్నమారా?" అంటుంది. 1983లో ఎన్టీ రామారావు రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చినప్పుడు ఊళ్ళో ఎంత సంబరమో ఇప్పటికీ చెప్తుంది. 2025 ఉగాది నుంచి రేషనులో సన్నబియ్యం ఇస్తున్నారని విని మా ఊళ్ళో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి మరీ కనుక్కుంది. తెల్లన్నం గెలుపు ఆవిడకి నిజమైన గెలుపు. దాన్ని నేను వెక్కిరించను. నాకు చేతకానిదల్లా, ఆ గెలుపుతో పాటు వచ్చిన సిగ్గుని కూడా మనం భద్రంగా దాచుకుని, ఇప్పుడు ఇంకొకడి నెత్తిన పెట్టడాన్ని అర్థం చేసుకోవడం.

ఈ సిగ్గు మా ఒక్కరిదే కాదని ఆ అబ్బాయితో మాట్లాడాక తెలిసింది. వాళ్ళ వైపు పచ్చ మొక్కజొన్న అంటే చాలామందికి చిన్నచూపు. కరువొచ్చినప్పుడు బయటి దేశాల సాయంగా దిగేది పచ్చది, పశువులకి వేసేది పచ్చది, మనిషి తినాల్సింది తెల్లది. అతను మొదట్లో మన మక్కీ ఆటాతో వండి ఫోటో పంపితే వాళ్ళమ్మ "డబ్బులు చాలట్లేదా నాయనా" అని కంగారుపడిందట. అంటే నా ఆరో క్లాసు కోళ్ళదాణా అక్కడా ఉంది!

అసలు ఆ కోళ్ళదాణా మాటకొస్తే, నన్ను కోడి అన్న ఆ పక్కవాడు ఇప్పుడు వారం వారం బిర్యానీ ఫోటోలు పెడుతుంటాడు. బ్రాయిలర్ కోడి తినే దాణాలో సగానికి పైగా మొక్కజొన్నే. వాడు తినేదీ మక్కలే, మధ్యలో కోడి ఉంది కాబట్టి పరువు నిలబడింది. కరీంనగర్, నిజామాబాద్, వరంగల్ వైపు ఎకరాలకెకరాలు పండే పంట ఇది. 2020లో వానాకాలం మొక్కజొన్న వెయ్యొద్దని ప్రభుత్వమే రైతులకి చెప్పింది. కారణం కొనేవాళ్ళు లేరని. పండేది ఇక్కడే, కోళ్ళకి పోగా, గంజిపొడికి పోగా, ఈమధ్య పెట్రోల్లో కలిపే ఇథనాలుకి పోగా, మనిషి కంచంలోకి రావడానికి మాత్రం సినిమా హాల్లో పాప్‌కార్న్ అవతారం ఎత్తాలి. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది, జొన్నకీ కొర్రకీ సూపర్‌మార్కెట్లో అద్దాల అర దొరికింది. మొక్కజొన్న చిరుధాన్యం కాదు కాబట్టి ఆ వైభవం కూడా దీనికి లేదు. అటు పేదరికం పేరు పోలేదు, ఇటు ఆరోగ్యం పేరు రాలేదు.

మళ్ళీ మా బిల్డింగు దగ్గరికి వస్తాను. మా సెక్రటరీ గారు కూరగాయలకి వెళ్ళేది హబ్సిగూడకి. రోజూ వెళ్ళే ఊరి పేరు ఆయనెప్పుడూ విప్పి చూసుకున్నట్టు లేరు. హబ్షీలంటే ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు, హబ్షీల గూడెమే హబ్సిగూడ అని ఇక్కడందరూ చెప్పుకునేదే. మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ ఉంది, అదేదో ఎయిర్ కండిషన్ కంపెనీ అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం అశ్వికదళం. ఆ మనుషుల పేర్లు పెట్టుకున్న పేటల్లో ఇళ్ళు కొనుక్కుని, ఆ మనుషులు అద్దెకొస్తే ముక్కు మూసుకుంటున్నాం.

మొన్న రాత్రి సెక్రటరీ గారికి మెసేజి పెట్టాను. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాననీ, తీర్మానంలో "వంట వాసన" అన్న కారణం ఏ వంటో, ఏ రోజో రాయమనీ, ఎండు రొయ్యల ఫ్లాటుకి కూడా అదే నియమం వర్తించాలనీ. ఆయన ముందు ఒక నమస్కారం బొమ్మ పంపారు. గంట తర్వాత ఫోన్ చేసి, "చూడు బాబూ, నువ్వు చిన్నవాడివి, ఆవేశపడకు. ఆ అబ్బాయి మీద మాకేం కోపం లేదు, రేపు వాళ్ళవాళ్ళు ఇంకా వస్తే?" అన్నారు. వాసన గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. నాలుగు నిమిషాల ఫోన్లో అసలు కారణం ఇలా బయటికొచ్చింది, నెల రోజులుగా నేను మొక్కజొన్న చరిత్ర తవ్వడం దండగయింది.

అగ్రిమెంటు ఇంకో ఆరు వారాలుంది. ఆ అబ్బాయికి పరీక్షలు ఆ నెలలోనే. విషయం తెలిసిందో లేదో నన్నడగలేదు, నాకు చెప్పే ధైర్యం రాలేదు. వచ్చే ఆదివారం పదిన్నరకి మళ్ళీ మీటింగు. ఈ అంశం మొదట పెట్టమని అడిగాను, "టాంకరు తర్వాత చూద్దాం" అన్నారు. నాయినమ్మ తనూ వస్తానంటోంది. ఓనర్లే రావాలి అన్నాను. "ఇల్లు నా కొడుకుది గదరా" అంది. లిఫ్టు పనిచెయ్యకపోతే కిందికి దింపడానికి నాకు అరగంట పడుతుంది, అందుకని పదింటికే బయల్దేరదామని చెప్పాను. ఆవిడ మాత్రం నిన్నటినుంచీ జగిత్యాలకి ఫోన్ల మీద ఫోన్లు. నాన్న వచ్చేటప్పుడు ఇసుర్రాయి తేవాలట.